వంశంలో ఉంటే వచ్చి తీరుతుందా?

"ఇది మీ వంశంలోనే ఉంది. నీ పిల్లలకీ వస్తుంది. కనే ఆలోచన మానుకో." ఒక డాక్టరు గారు నా ఫైలు మూస్తూ అన్న మాట ఇది. నాకు బైపోలార్, అంటే మనసు కొన్నాళ్లు అతి హుషారుకు, కొన్నాళ్లు దిగులుకు ఊగే జబ్బు అని అప్పుడే తేలింది. పక్కన అమ్మ ఉంది. ఇప్పుడు నిద్ర కుదిరింది, ఉద్యోగానికి వెళ్తున్నాను, మందు వంటికి పడింది. ఆ మాట మీద కోపం మాత్రం పోలేదు. అందులో మొదటి ముక్క నిజం, తర్వాతవి తప్పు. అందుకే ఇది రాస్తున్నాను.

మామూలు జనంలో బైపోలార్ నూటికి ఒకరిద్దరికి వస్తుంది. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉంటే నూటికి 5 నుంచి 10 మందికి రావచ్చు. ముప్పు చాలా రెట్లు పెరిగిన మాట నిజమే. కానీ అలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లల్లోనూ నూటికి 90 మందికి ఇది రాదు. వాళ్లలో డిప్రెషన్ మాత్రం మిగతావాళ్ల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో జన్యువులన్నీ ఒకటే. అయినా ఒకరికి వస్తే రెండోవారికి వచ్చే అవకాశం 40 నుంచి 70 శాతమే. జన్యువులే అంతా అయితే అది నూరు కావాలి కదా! తల్లిదండ్రులిద్దరికీ ఉంటే ముప్పు బాగా పెరుగుతుంది. మనలో మేనరికాలు ఎక్కువ కాబట్టి, జబ్బు ఉన్న ఇంటిలోంచే మళ్లీ సంబంధం కలుపుకునే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

ఒక్క జన్యువు వల్ల వచ్చే జబ్బు కాదిది. 1987లో అమెరికాలోని ఆమిష్ అనే క్రైస్తవ తెగ కుటుంబాలను పరిశీలించినవాళ్లు 11వ క్రోమోజోములో దీని మూలం దొరికిందన్నారు. 1989 కల్లా, అవే కుటుంబాల్లో మరికొందరిని చేర్చి చూసేసరికి ఆ లెక్క నిలవలేదు. 2021లో వెలువడ్డ పెద్ద పరిశోధన జన్యువుల్లో 64 చోట్లను గుర్తించింది. 2025 నాటి పరిశోధనలో అవి 298 అయ్యాయి. ఒక్కో చోటి ప్రభావం ఆవగింజంత. అందుకే ఉమ్మి పరీక్ష చేసి "మీకు బైపోలార్ వస్తుందో రాదో చెబుతాం" అనేవాళ్లకు డబ్బు పోయకండి. పనికొచ్చే జన్యు పరీక్ష వేరే ఉంది. బైపోలార్‌కు ఇచ్చే కార్బమజెపైన్ మాత్ర మొదలుపెట్టే ముందు హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యు రకం ఉందేమో చూడమని డాక్టరును అడగండి. ఆసియా దేశాల వాళ్లలో అది ఉన్నవారికి ఆ మందుతో చర్మం ఊడిపోయే ప్రాణాంతకమైన రియాక్షన్ రావచ్చు.

నాకు మొదట డిప్రెషన్ అనుకుని డిప్రెషన్ మాత్ర ఒక్కటే రాశారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని అడగలేదు. కొద్ది వారాలకే నిద్ర తగ్గింది, అలసట మాత్రం లేదు. ఒక రాత్రి రెండు దాటాక వంటింట్లో స్టీలు డబ్బాలన్నీ దించి, హోటలు పెడతానని పప్పులు, బియ్యం కుప్పలు పోసి, స్కెచ్ పెన్నుతో గోడ నిండా లెక్కలు రాశాను. నోటికి మూత లేదు. మేడ పిట్టగోడ మీద నడవగలనని పట్టుబట్టాను. నాన్న తలుపుకు గొళ్లెం పెట్టి అడ్డంగా కుర్చీ వేసుకుని తెల్లారేదాకా కూర్చున్నారు. వాళ్లంతా వణికిపోయారు, నాకు మాత్రం భయమే లేదు. ఈ జబ్బులో అసలు ప్రమాదం అదే. అప్పుడు నానమ్మ అంది, "అచ్చం చిన్నోడిలాగే ఉందిరా" అని. బాబాయి ఏళ్ల తరబడి బైపోలార్‌కు వాడే లిథియం మందు మీద ఉన్నాడన్న సంగతి ఆ రాత్రి బయటపడింది.

బైపోలార్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే కొందరికి మేనియా, అంటే నాకు వచ్చినలాంటి అదుపు తప్పిన హుషారు, ఎగదన్నుతుంది. కాబట్టి డాక్టరు అడగకపోయినా మూడు తరాల సంగతి మీరే చెప్పండి. ఇంట్లో "ఎవరికైనా బైపోలార్ ఉందా" అని అడిగితే జవాబు రాదు. నిద్రపోకుండా రోజుల తరబడి హుషారుగా తిరిగిందెవరు, ఉన్నట్టుండి పొలం అమ్మేసిందెవరు, ప్రసవమయ్యాక మతి తప్పిందెవరు, "గాలి సోకింది" అని ఎవరిని గుడి చుట్టూ తిప్పారు, బావిలో దూకిందెవరు అని అడగండి. ఎవరికి ఏ మందు పడిందో కూడా రాసుకోండి. లిథియం బాగా పనిచేయడం కొన్ని కుటుంబాల్లో కలిసి వస్తుంది. నన్ను తర్వాత చూసిన సైకియాట్రిస్ట్ మేడం మొదట అడిగిందే "మీ బాబాయికి ఏ మందు పడింది?" అని. ఆమెకు రెండు చేతులా దండం పెడతాను.

లిథియం మంచి మందే, కానీ కొలతలో ఉండాలి. మోతాదు మార్చిన 5 నుంచి 7 రోజులకు, చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దున మాత్ర వేసుకుని వెళ్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. ఆ అంకె నిలకడగా ఉన్నప్పుడు లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్, మేనియా ఉధృతంగా ఉంటే 1.0 దాకా. కొన్ని ల్యాబులు మిల్లీఈక్వివలెంట్లని రాస్తాయి, అంకె ఒకటే. 1.5 దాటితే విషమే. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. కుదుటపడ్డాక 3 నుంచి 6 నెలలకోసారి లిథియం, ఆరు నెలలకోసారి క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), థైరాయిడ్, కాల్షియం చూడాలి. రెంటచింతల లాంటి చోట ఎండల్లో ఒళ్లంతా చెమటలు పట్టినా, నీళ్లు కూడా ముట్టని ఉపవాసమున్నా, ఉప్పు ఒక్కసారిగా మానేసినా, ఒళ్లు నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకున్నా ఆ స్థాయి పెరుగుతుంది. కొన్ని బీపీ మాత్రలతోనూ ఇదే చిక్కు. అమ్మ తిరుమల మొక్కు తీర్చింది, స్వామి దయ మీద నాకూ నమ్మకముంది. మాత్ర మాత్రం కొండ మీద కూడా వేసుకున్నాను.

పిల్లల విషయంలో ఆ డాక్టరు చెప్పాల్సింది వేరు. వాల్‌ప్రోయేట్ అనే బైపోలార్ మందు వాడుతుండగా గర్భం వస్తే నూటికి దాదాపు 10 మంది బిడ్డలకు పుట్టుకతో లోపాలు వస్తాయి. మరికొందరికి చదువు, మాట వెనకబడతాయి. కనుక గర్భానికి ముందే మందు మార్చుకోవాలి, సొంతంగా ఆపకూడదు. బైపోలార్ ఉన్న స్త్రీలలో అయిదుగురిలో ఒకరికి ప్రసవం తర్వాత జబ్బు తీవ్రంగా తిరగబెట్టవచ్చు. మొదటి కొన్ని వారాలు రాత్రి బిడ్డను ఎవరు చూసుకుంటారో, తల్లికి నిద్ర ఎలా దొరుకుతుందో పురిటికి ముందే ఇంట్లో తేల్చుకోవాలి. కనొద్దనడం కంటే ఈ మాటలు చెప్పడమే వైద్యం.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇది ఉంటే ఎదిగే పిల్లల నిద్రను గమనించండి, గంజాయి జోలికి పోకుండా చూడండి. నాలుగైదు రోజులు మూడు గంటలే పడుకున్నా అలసట లేకుండా, మాటలు, ఖర్చులు, ప్రణాళికలు పెరిగిపోతుంటే పరీక్షల ఒత్తిడి అని వదిలేయకండి, సైకియాట్రిస్ట్‌కు చూపించండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.