మ్యాడిసన్ చలిలో చీజ్ బోర్డు, అమ్మ తిరగబోసిన కోకో

మేం ఉండేది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మ్యాడిసన్‌లో. ఇక్కడ కార్ల నంబర్ ప్లేట్ల మీద కూడా ఇది పాడి రాష్ట్రమని రాసి ఉంటుంది. చీజ్‌కి కొదవే లేదు. దాన్ని నలుగురి ముందు ఎలా పెట్టాలో మాత్రం మొన్న జనవరిలో అమ్మా నాన్నా వచ్చినప్పుడే నేర్చుకున్నాను.

బయట మైనస్ 20. ఆదివారం సాయంత్రం బజ్జీల బదులు చీజ్, చాక్లెట్ బోర్డు పెట్టి, వేడి కోకో ఇద్దామనుకున్నాను. మా ఆఫీసులో ఒకావిడ ఇంట్లో చూశాను. చెక్క పలక మీద నాలుగు రకాల చీజ్, చాక్లెట్ ముక్కలు, ద్రాక్ష, బాదం, క్రాకర్లు, అంటే పల్చటి ఉప్పు బిస్కెట్లు. వంట లేదు, పేర్చడమే కదా అనుకున్నాను.

"చీజ్ అంటే జున్నేగా?" అన్నారు నాన్న ఆశగా. పుస్తకాల్లో అలాగే రాస్తారు గానీ మనకి జున్నంటే గేదె ఈనాక వచ్చే మొదటి పాలు, బెల్లం, మిరియాలు. అది కాదనేసరికి ఆయనకి సగం ఉత్సాహం పోయింది.

అసలు పని షాపులో పడింది. అమ్మ మంత్రోపదేశం తీసుకున్న దగ్గర్నుంచి మాంసం, గుడ్డు ముట్టదు. చీజ్ చేసేది పాలతోనే కదా అనుకుంటాం. ఆ పాలు గడ్డకట్టడానికి రెన్నెట్ వేస్తారు. పాత పద్ధతిలో అది పాలు తాగే దూడని కోసి, దాని కడుపులోంచి తీసేది. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మిజానో రెజ్జానో చీజ్‌కి నిబంధన ప్రకారం అదే వాడాలి. అందుకే చేతిలోకి తీసుకున్నదాన్ని మళ్ళీ అరలో పెట్టేశాను. చాలా ప్యాకెట్ల మీద ఉత్త 'ఎంజైమ్స్' అని ఉంటుంది, దేన్నుంచి తీసిందో ఉండదు. 'మైక్రోబియల్' (సూక్ష్మజీవుల నుంచి తీసింది) అనో 'వెజిటేరియన్' అనో స్పష్టంగా ఉన్నవే ఏరాను. నేను ఒక్కోటీ తిప్పి తిప్పి చదువుతుంటే మా ఆయన బండి పట్టుకుని నలభై నిమిషాలు నిలబడ్డాడు. కోకోలో వేసే మార్ష్‌మాలోలూ, ఆ మెత్తటి తీపి బిళ్ళలూ అంతే. వాటిలో జెలటిన్ ఉంటుంది, పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. అవీ మానేశాను.

చివరికి బాగా మాగిన చెడ్డార్, గౌడ, బ్రీ, బ్లూ చీజ్ తలో 200 గ్రాములు, ఒక ప్యాకెట్ తాజా కర్డ్స్ (పెరుగు కాదు, మాగబెట్టని చిన్న చీజ్ ముక్కలు), 70 శాతం డార్క్ చాక్లెట్, మిల్క్ చాక్లెట్ తెచ్చాను. నలుగురు పెద్దవాళ్ళకీ ఒక పిల్లాడికీ ఇందులో సగం చాలు.

మొదటిసారి పేర్చింది మొత్తం తీసేయాల్సి వచ్చింది. పెద్ద పలక ఉంది కదా అని రోజూ కూరగాయలు తరిగేదే కడిగి వాడాను. నాన్న ఒక చాక్లెట్ ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని, "ఉల్లిపాయ వేశావేంటమ్మా?" అన్నారు. చాక్లెట్ దేని పక్కనుంటే దాని వాసన పట్టేస్తుంది. పైగా ద్రాక్ష తడి ఆరకుండా పెట్టానేమో, క్రాకర్లు మెత్తబడ్డాయి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన బ్రీ సబ్బు ముక్కలా ఉంది, రుచీ లేదు.

క్రాకర్లు పారేసి, పలక మీద బేకింగ్ కాగితం పరిచి, చీజ్‌ని గంటసేపు బయటే ఉంచాను. ఈసారి బ్రీ లోపల వెన్నలా జారింది. చెడ్డార్‌ని కోయకుండా కత్తి మొనతో విరిచాను. విరిచినచోట తెల్లటి నలుసులు కనిపించాయి. అమ్మ బూజనుకుని గోటితో గీకింది. అవి మాగేకొద్దీ పేరుకునే పలుకులు, పంటి కింద పటికబెల్లంలా కరకరలాడతాయి. బ్లూ చీజ్ దగ్గర మాత్రం నా వాదన నిలబడలేదు.

"ఇది నిజంగానే బూజే!"

"కావాలనే పట్టిస్తారమ్మా."

"ఎందుకూ?"

దానికి నా దగ్గర జవాబు లేదు. కర్డ్స్ మాత్రం మా పిల్లాడికి తెగ నచ్చాయి. తాజావి నమిలితే పళ్ళ మధ్య కీచుకీచుమంటాయి. ఆ చప్పుడు కోసమే గిన్నె ఖాళీ చేశాడు.

ఇక కోకో. కాగుతున్న పాలల్లో పొడి వేసేశాను, ఉండలు కట్టి పైన తేలింది. అమ్మ గరిటె లాక్కుంది. "రాగి జావకి పిండి ముందు నీళ్ళల్లో కలుపుకుని పోయమూ? ఇదీ అంతే." కప్పుకి రెండు చెంచాల కోకో పొడి, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు తీసుకుని, కాసిని వేడి పాలతో చిక్కగా నూరినట్టు కలిపి, అప్పుడు మిగతా పాలు పోసింది. దించాక రెండు గ్లాసులు తీసుకుని కాఫీలా ఎత్తి తిరగబోసింది. పైన బెత్తెడు నురగ. మార్ష్‌మాలోల సంగతి ఎవరూ అడగలేదు.

జతల్లో నాకు నచ్చింది చెడ్డార్, డార్క్ చాక్లెట్ కలిపి తినడం. మాగిన చీజ్‌లోని ఉప్పు తగలగానే చాక్లెట్ చేదు తగ్గుతుంది. బ్రీకి మిల్క్ చాక్లెట్ బాగుంది. బ్లూ చీజ్‌కి తేనె పోసుకుని మా ఆయనొక్కడే తిన్నాడు.

నాన్నకి ద్వారకా తిరుమల దగ్గర కొబ్బరి తోట ఉంది. అందులో అంతరపంటగా కోకో వేశారు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మా వైపే. కాయ కొట్టి, గుజ్జుతో సహా గింజల్ని చెక్కపెట్టెల్లో అయిదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. మూత తీస్తే పుల్లటి ఘాటు కళ్ళల్లోకి కొడుతుంది. అన్నేళ్ళుగా గింజలు అమ్మిన మనిషి డార్క్ చాక్లెట్ నోట్లో వేసుకోవడం ఇదే మొదటిసారి. రెండుసార్లు నమిలి మొహం చిట్లించారు.

"అందుకే మన ఉడతలు కాయ తొలిచి గుజ్జు తినేసి, గింజ వదిలేస్తాయి" అన్నారు.

మిగిలిన చెడ్డార్‌ని మర్నాడు అమ్మ పెసరట్టు మీద తురిమింది. బ్లూ చీజ్ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, డబ్బా మూత గట్టిగా బిగించి.