గొంతులోకి చూడకుండానే మందులు రాశారు

నిన్న బయాప్సీ నివేదిక చేతికొచ్చింది. క్యాన్సర్ కాదు. కానీ వదిలేస్తే క్యాన్సర్‌గా మారే ప్రమాదమున్న తెల్లమచ్చ, అందులో కణాలు మామూలుగా లేవు (డిస్‌ప్లేసియా) అన్నారు. గొంతులో మాట పలికించే స్వరతంత్రుల్లో కుడిదాని మీది ఆ మచ్చను తీసేశారు. మనసు తేలికపడింది గానీ కోపం తగ్గలేదు.

నేను ఉపాధ్యాయుడిని. సిగరెట్లు మానేసి చాలా ఏళ్లయింది. జలుబు, జ్వరం ఏమీ లేకుండానే గొంతు బొంగురుపోయింది, వారాలు గడిచినా బాగుపడలేదు. ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికి వెళితే, "మాస్టారూ, రోజంతా పాఠాలు చెప్పే గొంతు బొంగురుపోక ఏమవుతుంది?" అని యాంటీబయాటిక్ రాశారు. తగ్గలేదు. మళ్లీ వెళితే కడుపులో ఆమ్లం పైకి తన్నుతోందని ఇంకో మందు ఇచ్చారు. ఆ తర్వాత, గొంతు నిపుణుడికి చూపించుకోవడానికి చీటీ రాసివ్వమని అడిగాను. తలుపు తెరిచే ఉంది, బయట జనం కూర్చుని ఉన్నారు. "చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు. ఫోనులో ఏదో చదివి క్యాన్సరంటూ వచ్చేస్తారు" అని తన సిబ్బందితో గట్టిగా నవ్వుతూ అన్నారు. నేను ఆ మాటే ఎత్తలేదు! "అయినా సిగరెట్లు మానేశారు కదా, ఇంకేం భయం?" అని కూడా అన్నారు. బయటికి వస్తుంటే అందరూ నా వైపే చూశారు. ప్రశ్న అడిగిన ఏ విద్యార్థినీ నా ఉద్యోగ జీవితంలో నేను అలా నవ్వులపాలు చేయలేదు.

పొగ మానేస్తే ముప్పు తగ్గే మాట నిజమే. అయితే అది ఏళ్ల తరబడి మెల్లగా తగ్గుతుంది, మానిన మర్నాడే పోదు. నోరు తెరిపించి టార్చి వేస్తే స్వరతంత్రులుండే స్వరపేటిక కనిపించదు, అది ఇంకా కిందుంటుంది. కారణం తెలియని బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే స్వరతంత్రులను చూసి తీరాలి.

చీటీ లేకుండానే చెవి, ముక్కు, గొంతు నిపుణురాలి దగ్గరికి వెళ్లాను. ముక్కులోంచి సన్నని గొట్టం పంపి నిమిషాల్లో చూసేశారు. నొప్పి లేదు. మత్తుమందిచ్చి చేసిన బయాప్సీ కూడా సులువుగానే అయిపోయింది.

స్వరతంత్రి మీద పుట్టే క్యాన్సర్ చిన్నగా ఉండగానే గొంతు మార్చేస్తుంది. అప్పుడే పట్టుకుంటే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి నయమవుతుందని ఆవిడ చెప్పారు. ఇంత మంచి అవకాశాన్ని ఆమ్లం మాత్రలతో కాలయాపన చేసి పోగొడతారా? గొంతులో మిగతా చోట్ల పుట్టినది అంత తొందరగా బయటపడదట. మెడలో నొప్పిలేని గడ్డ, ఒకవైపే వచ్చే చెవిపోటు, మింగడంలో ఇబ్బంది కనిపిస్తే ఆగకూడదు.

పొగాకు ఒక్కటైనా ప్రమాదమే, దానికి మద్యం తోడైతే ముప్పు ఎన్నో రెట్లవుతుంది. రెండూ కలిపి తాగే మా సహోద్యోగులకు చెబుతూనే ఉన్నాను, మొహం చాటేస్తున్నారు. టాన్సిళ్లలో, నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్లకు హెచ్‌పీవీ వైరస్ కూడా కారణం. 9 నుంచి 14 ఏళ్ల వయసులో ఆ వైరస్ రాకుండా టీకా వేయిస్తే మంచిది. ఆడపిల్లలకే అనుకుంటారు, మా చెల్లెలి కొడుక్కీ వేయించమని పోరుతున్నాను.

నివేదిక నకలు ఆ మొదటి డాక్టరుకు పంపుతున్నాను. రేపు బొంగురు గొంతుతో వచ్చే ఇంకొకరికైనా ఆయన నిపుణుల చీటీ రాసివ్వాలి.