గేటుకి తగిలించిన సంచి

పదకొండు దాటింది, అత్తయ్య ఎప్పుడో పడుకున్నారు, నాకు మాత్రం నిద్ర రావట్లేదు. మధ్యాహ్నం వదిన ఫోన్లో అంది, "ఏదేమైనా లాక్‌డౌన్ రోజులే నయం, ఇంటిల్లిపాదీ ఒక్కచోట ఉన్నాం" అని. నేను ఊఁ అన్నాను. అసలు ఎందుకన్నానో!

ఫోన్ పెట్టిన పది నిమిషాలకే మౌసీ వచ్చింది, అదే, ఒకప్పుడు మా ఇంట్లో పనిచేసిన ఆవిడ. పెరట్లో కాసిన మునగకాడలు సంచిలో తెచ్చి, గేటుకి తగిలించి, అక్కడి నుంచే కేకేసింది. 2020లో లోపలికి రావద్దన్నది నేనే. ఇప్పుడు ఎన్నిసార్లు పిలిచినా గుమ్మం దాటదు. ఏప్రిల్ జీతం ఇచ్చాం, మే నెలది ఇవ్వలేదు. ఆ తర్వాత వాషింగ్ మెషీన్ కొన్నాం, మళ్ళీ పనికి పిలవలేదు.

అప్పుడు వాళ్ళబ్బాయి సూరత్‌లో మగ్గాల మీద ఉండేవాడు, మన ఒడిశా గంజాం జిల్లా కుర్రాళ్ళు వేలమంది లాగే. పన్నెండు గంటల షిఫ్టు. ఒక షిఫ్టు వాళ్ళు పనిలో ఉంటే రెండో షిఫ్టు వాళ్ళు అదే గదిలో అదే చాప మీద పడుకునేవారట. మార్చి 24 రాత్రి ప్రకటన వచ్చింది, మగ్గాలు ఆగాయి, రెండు షిఫ్టుల వాళ్ళూ ఒకేసారి ఆ గదిలో పడ్డారు. కాళ్ళు చాపుకునే చోటు లేదు, చేతిలో డబ్బు లేదు. దూరం దూరంగా ఉండమని టీవీలో చెబుతుంటే ఆ గదిలో ఎలా విన్నారో. మేలో వలస కూలీల కోసం వేసిన శ్రామిక్ రైలెక్కి వచ్చాడు. ఊరి బడిలో 14 రోజులు ఉంచారు, ఉన్నందుకు ప్రభుత్వం 2,000 రూపాయలు ఇచ్చింది. మౌసీ చద్దన్నం గిన్నె తీసుకెళ్ళి గోడ ఇవతల నిలబడేదట. అది ఆవిడ చెప్పింది కూడా మా గేటు బయట నిలబడే.

ఇప్పటికీ అతను తలుపు మూస్తే పడుకోలేడు. మళ్ళీ సూరత్ వెళ్ళి రెండు నెలలకే తిరిగొచ్చేశాడు. మౌసీ దిష్టి అంటుంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయించమని, డబ్బులు అక్కర్లేదు, ఒడియాలోనే మాట్లాడొచ్చని చెప్పాను. తలూపింది, అంతే.

ఆ మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పినప్పుడు నా గురించే అనుకున్నాను. కూరగాయల్ని సోడా నీళ్ళలో కడిగి కడిగి చేతులు పగిలిన మాట నిజం, రాత్రిళ్ళు గుండె దడ నిజం. కానీ నేను భయపడింది నా గదిలో, ఫ్యాన్ కింద, నెల తిరిగేసరికి ఈయన జీతం పడుతుంటే.

వదిన మీద కోపంతో మొదలుపెట్టాను గానీ, రాస్తుంటే కోపం నిలవట్లేదు. అన్నయ్య లారీ మీద ఏడాదికి ఎన్ని రోజులు ఇంట్లో ఉంటాడు? పిల్లలు నాన్న పక్కన వరసగా నెల రోజులు పడుకున్నది అప్పుడే. కిస్తీ కట్టలేక తన గొలుసు తాకట్టు పెట్టింది కూడా అప్పుడే, అది ఎవరికీ చెప్పదు. నయం అన్నప్పుడు ఆ గొలుసు కూడా గుర్తుండే అని ఉంటుందా? రేపు అడగాలి. లేదు, అడగను.

మునగకాడలు సాంబారులో వేశాను, చిన్నోడు రెండుసార్లు పెట్టించుకున్నాడు. సంచి ఉతికి ఆరేశాను. రేపు నేనే తీసుకెళ్ళి ఇస్తాను, వాళ్ళ గుమ్మం లోపలికి వెళ్ళి కూర్చుంటాను. ఆ మే నెల డబ్బు కూడా పట్టుకెళ్తాను, ఇన్నేళ్ళ తర్వాత ఏమని ఇవ్వాలో మాత్రం తోచట్లేదు.