గాలిని నొక్కుతున్నప్పుడే చల్లార్చాలి

ఆటోనగర్‌లో ఆడుతున్న కంప్రెసర్ హెడ్ మీద ఎవరూ చెయ్యి పెట్టరు. ఆ సెగంతా మనం డబ్బు కట్టిన కరెంటే. కరెంటును నొక్కిన గాలిగా దాచే ప్లాంట్లదీ ఇదే బాధ. 1978లో జర్మనీలోని హుంటోర్ఫ్‌లో మొదలైన ప్లాంటు ఆ వేడిని బయటికి వదిలేసి, గాలిని వాడుకునేటప్పుడు గ్యాస్ మండించి మళ్లీ వేడి చేస్తుంది.

మే నెలలో బెజవాడ గాలి 40 డిగ్రీలనుకోండి. కిలో గాలిని 1 బార్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి దాదాపు ఇంతే) నుంచి 10 బార్లకు, వేడి పోనివ్వకుండా ఒకేసారి నొక్కితే 330 డిగ్రీలు దాటుతుంది. ఆదర్శ లెక్కలో 293 కిలోజౌళ్ల పని. వేడెక్కనివ్వకుండా నొక్కితే 207 చాలు. రెండు స్టేజీలు చేసి, మధ్యలో 3.2 బార్ల దగ్గర ఇంటర్‌కూలర్‌తో మళ్లీ 40కి దించితే 245. చివర్లో పెట్టే ఆఫ్టర్‌కూలర్‌తో మాత్రం ఈ పనిలో ఒక్క జౌలు కూడా తగ్గదు. అది తేమను దింపడానికే.

245కీ 207కీ మధ్య ఉన్న ఆ మిగతా 38 కూడా ఆదా కావాలంటే సిలిండర్ లోపలే చల్లార్చాలి. నిమిషానికి 750 చుట్లు తిరిగే మెషీన్‌లో నొక్కే స్ట్రోకు 0.04 సెకను. అంతలో గోడల గుండా పోయే వేడి ఎంత? అందుకే నీటి తుంపర. లీటరు నీటిని 100 మైక్రాన్ల (0.1 మిల్లీమీటరు) చుక్కలు చేస్తే 60 చదరపు మీటర్ల ఉపరితలం, అంటే దాదాపు 72 గజాలు (బెంజి సర్కిల్ దగ్గరైతే దాని రేటు అడక్కండి). చుక్క 1 మిల్లీమీటరైతే అది పదో వంతే. కిలో గాలికి 5 కిలోల నీళ్లు కొడితే నీరు 10 డిగ్రీలే వేడెక్కుతుంది.

షాపు కంప్రెసర్‌లో ఈ ప్రయోగం వద్దు. నీళ్లు నొక్కుడు పడవు. పిస్టన్ పైన మిగిలే కాస్త సందు నీటితో నిండితే వాల్వు ప్లేట్లు పగులుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. ఉప్పు బోరు నీళ్లు వాడితే నాజిళ్లు పూడుకుపోతాయి. ఖనిజాలు తీసేసిన నీళ్లే వాడాలి, ముందు ఫిల్టరుండాలి. గోడకు తగిలిన చుక్కలు పొరగా కలిసిపోతే 72 గజాలూ గల్లంతే.

నీటినే పిస్టన్‌గా పైకి నెట్టే పద్ధతి నాకు మెరుగనిపిస్తుంది. గాలి ఉండే చోట లోహపు జాలీ పేరిస్తే అది వేడిని పీల్చుకుంటుంది, నీటి మట్టం పైకొచ్చి దాన్ని చల్లారుస్తుంది. కాకపోతే నిదానం. పైగా ఒత్తిడికి కొంత గాలి నీళ్లలో కరిగిపోతుంది.

వేడెక్కిన నీళ్లు పారబోయొద్దు. ఇన్సులేషన్ ఉన్న ట్యాంకులో దాచి, గాలి వ్యాకోచించేటప్పుడు మళ్లీ తుంపరగా కొట్టాలి. లేకపోతే 40 డిగ్రీల గాలి 10 బార్ల నుంచి 1కి దిగేసరికి లెక్క ప్రకారం మైనస్ 111 డిగ్రీలు. వాల్వులో మంచు బిగిసి ఎక్స్‌పాండర్ (నొక్కిన గాలి నుంచి పని రాబట్టే మెషీన్) ఆగిపోతుంది.