కొత్త అపార్ట్‌మెంట్‌పై అభ్యంతరమా? ముందు రోడ్డు కొలవండి

హైదరాబాద్ కాలనీ సంఘాలు రాసే అభ్యంతర పత్రాలు చాలావరకు "ఇంత పెద్ద బిల్డింగ్ మాకొద్దు" అన్న మాట దగ్గరే ఆగిపోతాయి. అలాంటి ఉత్తరాన్ని పక్కన పెట్టేయడం అధికారికి చాలా తేలిక. ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ (ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితిని 2006లోనే జీవో 86తో ఎత్తేశారు. ఎన్ని అంతస్తులు లేస్తాయో ముఖ్యంగా తేల్చేవి ప్లాటు ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్.

కాబట్టి టేపుతో మొదలుపెట్టండి. ప్లాటు ముందు ఒక్కచోట కొలిస్తే చాలదు. బిల్డర్ తన వైపు స్థలం వదిలి అక్కడ వెడల్పు చూపిస్తాడు, మెయిన్ రోడ్డు దాకా మిగిలిన దారి ఇరుకుగానే ఉంటుంది. ప్రహరీ నుంచి ప్రహరీకి ప్రతి మలుపు దగ్గరా కొలిచి, టేపు కనిపించేలా ఫొటో తీసి జతచేయండి.

నాలా పక్కనుంటే 2012 నాటి జీవో 168 చూడాలి. వెడల్పు 10 మీటర్లు దాటిన నాలాకు 9 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 2 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులకూ కుంటలకూ 9. ఎండాకాలంలో నీళ్లున్న అంచు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే అంచు నుంచే కొలవాలి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపు ప్రతిని ఉత్తరానికి జోడించండి.

మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది సెల్లార్ లెక్క. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన అయితే పర్యావరణ అనుమతి తప్పనిసరి. 2011 సవరణ ప్రకారం అందులో సెల్లార్లూ కలుస్తాయి. ఉదాహరణకు, ఒక్కోటి 2,600 చదరపు మీటర్ల చొప్పున 5 అంతస్తులంటే 13,000. దానికి స్టిల్ట్ (స్తంభాల మీద ఉండే పార్కింగ్ అంతస్తు) 2,600, రెండు సెల్లార్లు 5,600 కలిపితే 21,200. అమ్మే ఫ్లాట్ల విస్తీర్ణం మాత్రమే చూస్తే ఇది బయటపడదు. ఒకే స్థలాన్ని రెండు ప్రాజెక్టులుగా చూపినా ఇంతే, ఒక్కోటీ పరిమితి లోపే కనిపించవచ్చు. దారి, క్లబ్‌హౌస్, ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉమ్మడిగా ఉన్నాయేమో ప్లాన్‌లో వెతకండి.

ఈ ప్రాజెక్టులకు బహిరంగ విచారణ ఉండదు, కాబట్టి మిమ్మల్ని ఎవరూ పిలవరు. పర్యావరణ అనుమతుల పరివేశ్ పోర్టల్‌లో దరఖాస్తు కనిపించగానే రాష్ట్ర నిపుణుల కమిటీకి రాయాలి. నీటి లెక్క ఇవ్వండి: 200 ఫ్లాట్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి 135 లీటర్లు అనుకుంటే రోజుకు 1,35,000 లీటర్లు. అందులో 80 శాతం, అంటే 1,08,000 లీటర్లు మురుగుగా వస్తుంది. శుద్ధి చేసి వాడుకోగా మిగిలింది ఏ డ్రైనేజీ లైన్‌లో కలుస్తుంది, ఆ పైపు సైజెంత అని అడగండి. అనుమతి వచ్చేస్తే ఎన్‌జీటీకి (జాతీయ హరిత ట్రైబ్యునల్) వెళ్లడానికి గడువు 30 రోజులే. తగిన కారణం చూపితే మరో 60 రోజులు, ఆపైన వినరు.

సెల్లార్ తవ్వకం మొదలవకముందే చుట్టుపక్కల ఇళ్ల గోడలన్నీ తేదీతో ఫొటోలు తీసి ఉంచండి. తర్వాత పగుళ్లొస్తే పాతవో కొత్తవో తేలకపోవడమే అసలు గొడవ. పని పూర్తయ్యాక మున్సిపాలిటీ పేర తనఖా పెట్టిన 10 శాతం నిర్మాణ భాగాన్ని విడిపించుకోవాలంటే బిల్డర్‌కు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కావాలి. అది ఇచ్చే ముందు సెట్‌బ్యాక్‌లు మళ్లీ కొలిచి, ప్లాన్‌తో పోల్చి, రెండో ఉత్తరం ఇవ్వండి.