స్నోబోర్డు బూట్లు కొంటున్నారా? నంబరు పెంచకండి, వెడల్పు చూసుకోండి

మొన్న కందుకూరు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అక్కా, జనవరిలో గుల్మార్గ్ పోతున్నా గదా, నాది ఎనిమిదో నంబరు, బూట్లు తొమ్మిది తీసుకుంటే కాస్త వదులుగా హాయిగా ఉంటాయి గదా?" అని అడిగాడు. వద్దని గట్టిగా చెప్పాను. స్నోబోర్డు, అంటే రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించుకుని మంచు మీద జారడం, నేర్చుకుందామనుకునే మనవాళ్లు చాలామంది ఇదే అడుగుతుంటారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

చిన్నప్పటి నుంచి చెప్పులతోనో ఉత్త కాళ్లతోనో తిరిగిన పాదం ముందువైపు బాగా విచ్చుకుని ఉంటుంది, మడమ మాత్రం సన్నగానే ఉంటుంది. అలాంటి పాదాన్ని మామూలు వెడల్పున్న బూట్లో పెడితే చిటికెన వేలి పక్కన నొక్కేస్తుంది, ఇక అక్కడే మనం ఒక నంబరు పెంచేస్తాం. ముందు ఫ్రీగానే ఉంటుంది, కానీ వెనక మడమ చుట్టూ ఖాళీ వచ్చేస్తుంది. స్నోబోర్డు తిప్పడమంటే బరువును ఒకసారి వేళ్లవైపు అంచు మీదికి, ఇంకోసారి మడమవైపు అంచు మీదికి మార్చడమే. వేళ్లవైపు వాలినప్పుడు బూటు లోపల మడమ పైకి లేచిందంటే మీరు చేసిన కదలిక బోర్డుదాకా పోనే పోదు. అది సరిచేద్దామని లేసులు ఇంకా బిగిస్తారు, పాదం పైభాగం నొక్కుకుపోయి రక్తం సరిగ్గా ఆడదు, వేళ్లు మొద్దుబారతాయి. చలికే అలా అయిందనుకుంటారు, నిజానికి బూటు పెద్దదై అలా జరుగుతుంది.

కాబట్టి మీ నంబరే ఉంచుకుని 'వైడ్' అని రాసి ఉన్న మోడల్ వెతకండి. బర్టన్ రూలర్, సాలమన్ డైలాగ్, కే2 మేసిస్ లాంటి వాటిలో వైడ్ రకం విడిగా వస్తుంది. పాదం సన్నగా ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు, మామూలువి సరిపోతాయి.

నంబర్ల విషయంలో ఒక చిక్కుంది. మన దగ్గర చెప్పుల మీద సాధారణంగా యూకే నంబరు ఉంటుంది, స్నోబోర్డు బూట్లు ఎక్కువగా అమెరికా నంబరుతో అమ్ముతారు. మగవాళ్లకు యూకే 8 అంటే అమెరికా లెక్కలో దాదాపు 9. అమెరికాలో ఉన్న బావతోనో అన్నతోనో తెప్పించుకునేవాళ్లు ఫోన్లో "ఎనిమిది" అని చెప్పి ఊరుకుంటే వచ్చేది చిన్న బూటే, పైగా తిరిగి పంపడానికి వీలుండదు. అందుకని నంబరు వదిలేసి పాదం పొడవు సెంటీమీటర్లలో చెప్పండి. బూటు మీద మోండో అనే కొలత ఉంటుంది, 27 అని ఉంటే 27 సెంటీమీటర్ల పాదానికి అని అర్థం. సాయంత్రం పూట కొలవండి, మన ఎండలకు పొద్దు వాలేసరికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. గోడకు ఆనించి కాగితం పరిచి, మడమ గోడకు తగిలేలా పూర్తి బరువు వేసి నిలబడి, పెన్సిల్‌తో గీత ఇంకొకరి చేత గీయించండి, మీరే వంగితే పాదం జరుగుతుంది. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. వెడల్పు కూడా రాసుకోండి.

బూట్లు చేతికి వచ్చాక ఇంట్లో ఏసీ వేసుకుని (లేకపోతే మన ఉక్కకు కాలు చెమటపట్టి ఏమీ తెలియదు) మంచులో వాడబోయే సాక్సుతోనే తొడగండి. మడమను నేలకు రెండుసార్లు తట్టి వెనక్కి చేర్చి, ముందు లోపలి లైనర్ బిగించి, తర్వాత పై బూటు బిగించాలి. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు ముందుభాగానికి ఆనీ ఆననట్టు తగలాలి. మోకాళ్లు వంచి ముందుకు వాలితే వేళ్లు కొంచెం వెనక్కి జరగాలి, మడమ మాత్రం కదలకూడదు. మెట్టు అంచు మీద మునివేళ్లపై లేచి చూడండి, మడమ లేస్తుంటే ఆ బూటు మీది కాదు. అరగంట అలాగే ఉంచుకుని తిరగండి. చుట్టూ గట్టిగా పట్టినట్టుంటే ఫరవాలేదు, వాడేకొద్దీ లైనర్ అణిగి కాస్త జాగా ఇస్తుంది. ఒకేచోట సూదిలా పొడుస్తుంటే మాత్రం అది అణిగే నొప్పి కాదు. షాపులో తొడగ్గానే దూదిలా మెత్తగా ఉన్న బూటును నేను నమ్మను.

ఇక అన్నిటికీ పనికొచ్చే బూటు ఏదంటే, ఎంత సులువుగా వంగుతుందో చెప్పే ఫ్లెక్స్ మధ్యరకం ఉన్నది. 10కి 4 నుంచి 6 మధ్యలో ఉంటే చాలు. ఈ అంకె ప్రతి కంపెనీకి వేరు, ఒకరి 5 ఇంకొకరికి 6 లాగా ఉంటుంది, కాబట్టి వంచి చూసిందే లెక్క. మరీ మెత్తనిది నేర్చుకునేటప్పుడు సుఖంగానే ఉంటుంది కానీ వేగం పెరిగాక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. మరీ గట్టిది కొత్తవాళ్ల పిక్కలను పిండేస్తుంది. పైగా గుల్మార్గ్‌లో నడక చాలా ఉంటుంది. గండోలా (కొండపైకి తీసుకెళ్లే కేబుల్ కారు) క్యూలో నిలబడాలి, హోటల్ దాకా మంచులో నడవాలి, నేర్చుకుంటూ అఫర్వత్ కొండ వైపు పోయే స్థాయికి వస్తే బోర్డు వీపున కట్టుకుని ఎక్కాలి కూడా. స్కీ బూట్ల ప్లాస్టిక్ డొప్పతో పోలిస్తే నడకకు స్నోబోర్డు బూటే మేలు, అయినా అడుగున రబ్బరు పట్టు ఎలా ఉందో తప్పకుండా చూడాలి.

బిగించే పద్ధతుల్లో బోవా అని చక్రం తిప్పేది ఉంది, సన్నటి స్టీలు తీగ లాగుతుంది, గ్లవ్స్ తీయకుండానే బిగించుకోవచ్చు. రెండు చక్రాలున్నదైతే కింద, పైన వేరువేరుగా సర్దుకోవచ్చు, మడమకు అదే మంచిది. ఒక చక్రం ఉన్నది నాకు నచ్చదు, అంతా ఒకేసారి బిగుస్తుంది. మామూలు లేసులు చలిలో చేతులకు ఇబ్బందే, కానీ తెగితే ఎక్కడైనా ఇంకోటి దొరుకుతుంది. ఎటు మొగ్గాలో మీ ఇష్టం.

సాక్సు ఒక్కటే వేసుకోండి, మెరినో ఉన్నిది, పిక్కల దాకా వచ్చేది. కాటన్ వద్దు, చెమట పట్టుకుని చల్లబడిపోతుంది. రెండు జతలు అసలే వద్దు.

బోర్డు, బైండింగులు (బూటును బోర్డుకు పట్టి ఉంచేవి) అక్కడ అద్దెకు తీసుకున్నా బూట్లు మాత్రం సొంతవి ఉండాలని నా గట్టి అభిప్రాయం. అద్దె బూట్ల లైనర్లు ఎంతోమంది కాళ్లకు అణిగి ఉంటాయి, వాటిలో మడమ నిలవడం కష్టం. బర్టన్ స్టెప్ ఆన్ రకం (తొక్కితే బైండింగుకు తగులుకునే) బూట్లు మాత్రం ముందే కొనేయకండి, వాటికి వాటి బైండింగులే కావాలి, అద్దెకు అవి దొరుకుతాయన్న గ్యారంటీ లేదు.

ఇంటికొచ్చాక లైనర్లు బయటికి తీసి నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి, ఎండలో వద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో మన వైపు వానలు పట్టుకుంటే బీరువాలో పెట్టినవాటికి కూడా బూజు పడుతుంది, అందుకని అప్పుడప్పుడూ తీసి గాలి తగలనివ్వండి. ఈ తేమకు ఏళ్ల తరబడి మూలన పడున్న బూట్ల సోల్ జిగురు వదిలేస్తుంది కూడా. ప్రయాణానికి నెల ముందే తొడిగి ఇంట్లో నాలుగు అడుగులు వేసి, అంచులు లాగి చూసుకోండి, అతికించాల్సి వస్తే టైముంటుంది.