డికాషన్ ఇంట్లో ఫ్రెంచ్ ప్రెస్

సంక్రాంతికి వచ్చిన మా తమ్ముడు బెంగళూరు నుంచి ఒక గాజు జాడీ తెచ్చాడు. స్టీలు చట్రం, నల్ల పిడి, మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన కడ్డీ, కడ్డీ చివర సన్నటి జల్లెడ. "ఫ్రెంచ్ ప్రెస్ అక్కా. పొడి వెయ్యి, నీళ్ళు పొయ్యి, నాలుగు నిమిషాలాగి నొక్కు, అంతే" అన్నాడు. ఆ 'అంతే' దాటడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మా ఇంట్లో కాఫీ అంటే అత్తయ్యగారి ఇత్తడి ఫిల్టరే. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు సారెతో పాటు వచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు పొడి వేసి, చిల్లుల బిళ్ళ పెట్టి, మరిగిన నీళ్ళు పోసి మూత పెడితే తెల్లారేసరికి కింది గిన్నెలో చిక్కటి డికాషన్. పొడి ఇక్కడే, విశాఖలో, మేం ఏళ్ళ తరబడి కొంటున్న కొట్లో ఆడించినది. డెబ్భై పాళ్ళు కాఫీ, ముప్ఫై పాళ్ళు చికోరీ. నేను చేసిన మొదటి తప్పు ఆ డబ్బాలోంచి మూడు చెంచాలు తీసి జాడీలో వెయ్యడం.

తమ్ముడు వెళ్ళిన మర్నాడు ఆదివారం. అత్తయ్య పూజలో ఉన్నారు. సలసల మరిగే నీళ్ళు అంచుదాకా పోసి, నాలుగు నిమిషాలు గడియారం చూసి మరీ కడ్డీ నొక్కాను. సగానికి కూడా దిగకుండా మొరాయించింది. అరచెయ్యి ఆనించి ఒక్క తోపు తోశాను. మూత పక్కనుంచి కాఫీ చిమ్మి పొయ్యి గట్టు మీద, గోడ మీద, నా ఎడమ మణికట్టు మీద పడింది. కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. అత్తయ్య వచ్చి ముందు నా చెయ్యి చూశారు, తర్వాత జాడీని చూశారు.

"డికాషన్ దానంతటది దిగాలమ్మాయ్. పీక నొక్కి దించుతారుటే?"

ఏం జరిగిందో మర్నాటికి గానీ అర్థం కాలేదు. ఫిల్టర్ పొడి సన్నగా ఉంటుంది. చిల్లుల్లోంచి చుక్కచుక్కగా దిగాలంటే అలాగే ఉండాలి మరి. పైగా చికోరీ నీళ్ళు పీల్చి మెత్తగా ఉబ్బుతుంది. ఆ ముద్ద జల్లెడ కింద అట్ట కట్టేసిందంటే నీళ్ళకి పైకి వచ్చే దారి ఉండదు. నేను తోసిన బలమంతా మూత సందుల్లోంచి బయటపడింది. కడ్డీ బిగుసుకుంటే పొడి సన్నమైపోయిందని లెక్క. అప్పుడు కొంచెం పైకి లాగి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నెమ్మదిగా దించాలి. ఈ ఒక్క ముక్క అట్టపెట్టె మీద రాసి ఉంటే నా మణికట్టు మీద మచ్చ ఉండేది కాదు. పెట్టె మీద నవ్వుతున్న జంట బొమ్మ మాత్రం ఉంది.

వారం తర్వాత కొట్టుకి వెళ్ళి "చికోరీ లేకుండా, ముతకగా ఆడించండి" అన్నాను. "ముతకంటే ఎంత ముతక మేడమ్?" అన్నాడు మిషన్ దగ్గరి అబ్బాయి. నా దగ్గర సమాధానం లేదు. ఫోన్లో వెతికితే సముద్రపు ఉప్పంత అని ఉంది. ఏ ఊరి ఉప్పో, ఎంత ఉప్పో! తీరా చూస్తే మన వంటింట్లోనే అంతకంటే మంచి కొలతలున్నాయి. ఫిల్టర్ పొడి బియ్యప్పిండి కంటే కాస్త గరుకు. ప్రెస్‌కి కావలసింది ఉప్మాకి వాడే గోధుమ రవ్వ. బొంబాయి రవ్వ సైజు కూడా ఒక పిసరు సన్నమే. వేళ్ళ మధ్య నలిపితే పలుకు పలుకుగా తెలియాలి. ఇప్పుడైతే ఆ అబ్బాయికి చెప్పగలను, ఆ రోజు "మీకు తోచినట్టు ఆడించండి" అనేశాను. అతనికి తోచినట్టే ఆడించాడు.

ఫిబ్రవరిలో అరకు వెళ్ళాం. మా ఆయనకి బొర్రా గుహలు, నాకు గింజలు. అక్కడ కాఫీ ఎండలో పెరగదు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో నడుము ఎత్తు మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు, ఇళ్ళ ముందు పట్టాల మీద ఆరబోసిన గింజలు. అరకు వ్యాలీ అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరిచారు. మా ఆయనకి ఈ సంగతి చెబితే "వాళ్ళ జాడీ మనింటికొచ్చే, మన గింజ వాళ్ళింటికెళ్ళే" అన్నారు. నిజానికి జాడీ కూడా పూర్తిగా ఫ్రెంచివాళ్ళది కాదు. ఇలాంటి దానికి 1852లో పారిస్‌లో ఒక పేటెంటు పుచ్చుకున్న మాట వాస్తవమే గానీ, ఇప్పుడు మనం చూసే రూపానికి దగ్గరగా ఉన్నదాన్ని 1929లో పేటెంటు చేయించుకున్నది మిలాన్ వాళ్ళు. మా ఇంట్లో ఎవరికీ ఈ సమాచారం అక్కర్లేకపోయింది.

అరకు నుంచి పావుకిలో గింజలు తెచ్చాను, మీడియం రోస్ట్. గ్రైండర్ లేదు కదా, మిక్సీలో చిన్న జార్ పెట్టాను. ఆగి ఆగి ఐదారు సార్లు తిప్పి మూత తీస్తే వాసన మాత్రం అద్భుతం. పొడి చూస్తే సగం పిండి, సగం పగిలిన శనగపప్పు. ఇంకో నాలుగు సార్లు తిప్పితే పిండి మరింత పిండైంది, పప్పు పప్పుగానే ఉంది. పోనీ అని జల్లెడ పట్టాను. పైన మిగిలినదానితో చేసిన కాఫీ పుల్లగా, చప్పగా వచ్చింది. మర్నాడు జల్లించకుండా చేస్తే పులుపూ చేదూ రెండూ ఒకే గుక్కలో! పిండిలోని సారమంతా మొదటి నిమిషంలోనే నీళ్ళలోకి దిగిపోయి ఆ తర్వాత చేదు దిగడం మొదలవుతుంది. పెద్ద పలుకులు నాలుగు నిమిషాలైనా సగమే ఇస్తాయి. మిక్సీ బ్లేడు నరుకుతుందే గానీ అన్నిటినీ ఒక్క సైజుకి తేలేదు. రెండు రాళ్ళ మధ్య నలిగినట్టు నలగాలి. అలా నలిపే చేతి గ్రైండర్ కొన్నాక గానీ కాఫీ ఒక దారిన పడలేదు. ఇరవై గ్రాములు తిప్పడానికి మూడు నిమిషాలు పడుతుంది, చెయ్యి లాగుతుంది. "తిరగలి కొనుక్కుంది నా కోడలు" అని పక్క ఫ్లాట్ ఆవిడతో అత్తయ్య చెప్పడం విన్నాను.

కొలత దగ్గర ఇంకో పది రోజులు పోయాయి. చెంచా మోసం చేస్తుంది. బాగా నల్లగా వేగిన గింజ తేలిగ్గా ఉంటుంది, తక్కువ వేగినది బరువు. అందుకని అదే చెంచాతో ఒకసారి కషాయం, ఒకసారి తీర్థం. స్వీట్లు చెయ్యడానికి కొని అటకెక్కించిన తక్కెడ దించాను. మాది 350 మిల్లీలీటర్ల జాడీ. 20 గ్రాముల పొడి, 300 మిల్లీలీటర్ల నీళ్ళు, అంటే ఒకటికి పదిహేను. కొందరు లీటరుకి 55 గ్రాములే చాలంటారు. నాకు అది పల్చన. డికాషన్ తాగి పెరిగిన నాలుక కదా.

నీళ్ళ సంగతి త్వరగానే తేలిపోయింది. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళతో చేస్తే అరబికాలో ఉండే ఆ కాస్త పులుపూ చచ్చిపోయి సుద్ద రుచి వస్తోంది. ఆర్వో నీళ్ళతో చేస్తే ఏదో వెలితి. మునిసిపల్ కుళాయి నీళ్ళు వడకట్టి కాస్తే బాగుంది. మరగగానే పొయ్యి కట్టేసి అర నిమిషం, ముప్పావు నిమిషం ఆగి పోస్తాను. ఈలోగా జాడీలో కొంచెం వేడినీళ్ళు తిప్పి పారబోస్తాను, లేకపోతే చల్లటి గాజు వేడంతా తాగేస్తుంది.

ఇంత చేసినా గ్లాసు అడుగున మడ్డి మిగిలేది. చివరి రెండు గుక్కలు ఇసుక తాగినట్టుండేవి. జల్లెడ మార్చాను, నొక్కే వేగం తగ్గించాను, లాభం లేదు. అప్పుడు 2007లో ప్రపంచ బరిస్టా (కాఫీ చేసి ఇచ్చేవాళ్ళ) చాంపియన్ అయిన జేమ్స్ హాఫ్‌మన్ చెప్పే పద్ధతి తెలిసింది. నీళ్ళు పోసి నాలుగు నిమిషాలు ముట్టుకోకూడదు. పైన పొడి తెట్టులా కట్టి ఉంటుంది. దాన్ని చెంచాతో నెమ్మదిగా కలిపితే పొడంతా కిందికి మునుగుతుంది, లేత గోధుమరంగు నురగ మిగులుతుంది. ఆ నురగని రెండు చెంచాలతో తీసి పారెయ్యాలి. ఆ తర్వాత ఇంకో ఐదు నిమిషాలు, ఓపిక ఉంటే ఏడెనిమిది నిమిషాలు, ఊరికే కూర్చోవాలి. చివరికి కడ్డీని అడుగుదాకా నొక్కకుండా జల్లెడ కాఫీ పైభాగంలో ఉండేలా దించి, గ్లాసులోకి మెల్లగా వంచాలి. నొక్కితే అడుగున పేరుకున్నదంతా మళ్ళీ పైకి లేస్తుంది.

మొదటిసారి అలా చేసిన రోజు అత్తయ్య కూరగాయలు తరుగుతూ నన్నే గమనిస్తున్నారు.

"ఏమే, నొక్కవేం?"

"నొక్కకూడదట అత్తయ్యా. దానంతటదే దిగాలట."

ఆవిడ ఏమీ అనలేదు. బెండకాయ ముచ్చిక తీసి పక్కన పడేసి, చాలాసేపు నవ్వు ఆపుకున్నారు. ఆ రోజు గ్లాసు అడుగుదాకా తాగాను. మిరియాల ఘాటు కాదుగానీ దానికి చుట్టం లాంటిదేదో, తర్వాత బెల్లం పాకం చివరన ఉండే లేత చేదు, గొంతు దిగాక కొంచెం నిమ్మ. పంచదార వెయ్యడం మర్చిపోయానని సగం తాగాక గుర్తొచ్చింది.

పాలు పోసే ప్రయత్నం కూడా చేశాను. ఒకటికి పదిహేనుతో చేసినదాంట్లో పాలు పోస్తే కాఫీ రంగు పాలు తప్ప ఇంకేమీ కాదు. పొడి పాళ్ళు రెట్టింపు చేసి, 30 గ్రాములకి 220 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి చూస్తే తాగొచ్చు అనిపించింది. అత్తయ్య ఒక గుక్క తాగి గ్లాసు మా ఆయన వైపు జరిపారు. ఆయన తాగి గ్లాసు నా వైపు జరిపారు. నిజం చెప్పాలంటే ఇత్తడి ఫిల్టర్ డికాషన్ ముందు ఇది దిగదుడుపే. ఖరీదైన గింజలు అలా తగలెయ్యడం దండగ. పాలకాఫీకి ఫిల్టర్, ఉత్త కాఫీకి ప్రెస్ అని అప్పుడే తేల్చేసుకున్నాను.

మా ఆయనకి మాత్రం ఇందులో రేషన్. కాఫీ నూనెల్లో కెఫెస్టాల్ అని ఒకటి ఉంటుంది, అది చెడ్డ కొలెస్టరాల్‌ని పెంచుతుంది. కాగితం ఫిల్టర్ దాన్ని పట్టుకుంటుంది గానీ స్టీలు జల్లెడ వదిలేస్తుంది. ఆయన రిపోర్టు ఇప్పటికే గీత మీద ఉంది కాబట్టి వారానికి రెండు కప్పులు, అదీ ఆదివారం కలిపి.

కడగడం గురించి తమ్ముడు ఒక్క మాట చెప్పలేదు. మొదటి నెలలో పిప్పిని సింకులో కడిగేసేదాన్ని. ఒకరోజు నీళ్ళు కదలడం మానేశాయి. ప్లంబర్ పైపు విప్పి, నల్లటి ముద్ద బయటికి లాగి, "ఇదేంటమ్మా, మట్టా?" అన్నాడు. ఇప్పుడు జాడీలో కాసిని నీళ్ళు పోసి తిప్పి టీ వడకట్టులోకి వంచేస్తాను. పిప్పి కరివేపాకు కుండీలోకి, అదీ మట్టిలో కలిపి కొంచెం కొంచెంగా. జల్లెడ మరలు విప్పి నాలుగు ముక్కలూ విడివిడిగా సబ్బుతో తోమాలి. నేను పది రోజులు బద్ధకించి పైపైన కడిగితే కాఫీకి పాత వేరుశనగ నూనె కంపు వచ్చింది.

ఇదంతా కుదుటపడిందనుకుంటుండగా తమ్ముడు ఫోన్లో ఇంకో ముక్క చెప్పాడు. జాడీలో మూడో వంతు వేడిపాలు పోసి కడ్డీని గబగబా ఇరవై సార్లు పైకీ కిందికీ ఆడిస్తే చిక్కటి నురగ వస్తుందట. ఫోను స్పీకర్‌లో ఉంది. "గ్లాసు ఎత్తి పోస్తే రాని నురగా అది?" అన్నారు అత్తయ్య. అన్నారే గానీ, ఆవిడకి కుడి భుజం పట్టేసి ఆరు నెలలైంది, గ్లాసు మునుపటంత ఎత్తు లేవడం లేదు.

ఇప్పుడు పొద్దున్న ఆరింటికి జాడీ ఆవిడ దగ్గర ఉంటుంది. ఎడమ చేత్తో మూత పట్టుకుని, కుడి మోచెయ్యి కదపకుండా మణికట్టుతోనే టకటకా ఆడిస్తారు. లెక్క పైకే పెడతారు, ఇరవై కాదు, ఇరవై ఒకటి. ఇత్తడి ఫిల్టర్ డికాషన్ మీద ఆ నురగ గరిటెతో వేసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోతారు. నా వంతు వచ్చేసరికి ఆరున్నర. పాలవాసన పోయేదాకా జల్లెడ తోముకోవడం కూడా నా వంతే.